పదకొండు గంటల పేజీ

మా ఆఫీసు ఫ్యాక్సు మిషను మూత మీద ఒక కాగితం ముక్క అతికించి ఉండేది. ‘అక్షరాలు కిందికి’ అని ఎర్ర స్కెచ్ పెన్నుతో రాసి అంటించింది నేనే. అందరి కోసమూ పెట్టానని చెప్పేదాన్ని గాని, నిజానికది ఒక్కరి కోసమే. డాక్టర్ పరాంకుశం గారికి నాలుగు భాషలు వచ్చు. సముద్రం లోపలి శబ్దాల మీద ఆయన రాసిన వ్యాసాలు జపానులో కూడా చదివేవారట. అంతటి మనిషి ఫ్యాక్సులో కాగితం పెట్టాలంటే మాత్రం పదిసార్లలో తొమ్మిదిసార్లు రాత పైకి ఉండేలా పెట్టేవారు. మిషను ఆ ఖాళీ వైపును శ్రద్ధగా చదువుకుని అవతలికి పంపేది. కాసేపటికి అవతలివాళ్లు ఫోను చేసి, పైన తేదీ, టైము, మా నంబరు తప్ప కాగితం మీద ఇంకేమీ లేదని చెప్పేవారు. నేను వెళ్లి తిరగేసి పెట్టి మళ్లీ పంపేదాన్ని.

“పుస్తకం చదివేటప్పుడు అక్షరాలు మనవైపే ఉంటాయి కదమ్మా. దీనికేంటి ఈ వంకర బుద్ధి?” అనేవారు.

“చదివేది మీరు కాదండి, మిషను. దాని కళ్లు కిందున్నాయి.”

“అవును కదూ,” అనేవారు. మర్నాడు మళ్లీ రాత పైకే.

కాకినాడ రేవు దగ్గర, ఉప్పుటేరు ఒడ్డున రెండు గదుల చిన్న పరిశోధన కేంద్రం మాది. డాక్టరు గారు కాక, సముద్రంలో పరికరాలు చూసి రావడానికి లాంచి నడిపే సరంగు నూకరాజు, వాచ్‌మన్, నేను. నా పేరు భ్రమరాంబ. టైపు, ఫ్యాక్సు, రిజిస్టర్లు నా పని. డాక్టరు గారి భార్య ఎప్పుడో పోయారు. పిల్లలు లేరు. ఆఫీసు వెనకే ఉన్న క్వార్టర్సులో ఆయన ఒక్కరే ఉండేవారు.

తుఫాను వస్తే మా వైపు టెలిఫోను లైన్లు ముందుగా పోతాయి. లైను తిరిగి వచ్చేదాకా ఫ్యాక్సు శబ్దాన్ని పట్టి ఉంచి, తర్వాత వదిలే పెట్టె ఒకటి తయారుచెయ్యాలని ఆయన రెండేళ్లు కష్టపడ్డారు. నూనెలో ముంచిన స్ఫటికం, దాని చుట్టూ రాగి తీగ, పైన రేకు డబ్బా, ఇంతే అది. గోడ ప్లగ్గుకీ మిషనుకీ మధ్య దాన్ని బిగించారు. మా నంబరుకి మేమే ఫ్యాక్సు చెయ్యాలి. మామూలుగా అయితే ఎంగేజి వస్తుంది. మధ్యలో పెట్టె ఉంటే ఆ కాల్ అదే అందుకుంటుంది, పేజీ దాచుకుంటుంది, తర్వాత వదులుతుంది. అదీ ఆయన లెక్క.

బిగించిన రోజు, మేమింకా ఏమీ పంపకముందే, మిషను దానంతటదే మోగి ఒక పేజీ బయటపెట్టింది. గుండ్రాలలో గుండ్రాలు, అడుగున డాక్టరు గారి సంతకం, పక్కన టీ కప్పు మరక. పైనున్న తేదీ చూస్తే తొమ్మిది రోజుల తర్వాతిది. మిషను గడియారం తప్పు నడుస్తోందనుకున్నాను. నా పద్ధతి నేను తప్పను కాబట్టి దానికి ఇన్‌వర్డ్ నంబరు వేశాను. ఫ్యాక్సు కాగితం మీద అక్షరాలు కొన్నాళ్లకు వెలిసిపోతాయి గనక జిరాక్సు తీసి ఫైల్లో పెట్టాను. తర్వాత దాని సంగతి మరిచిపోయాను.

తొమ్మిదో రోజున, పెట్టె సిద్ధమైందని, పరీక్షకి పంపడానికి డాక్టరు గారు ఒక కాగితం మీద గుండ్రాలు గీసి సంతకం చేశారు. గీస్తూ గీస్తూ టీ కప్పు దాని మీదే పెట్టారు. కాగితం నా చేతికివ్వగానే ఆ మరక ఎక్కడ చూశానో గుర్తొచ్చింది. ఫైలు తెచ్చి రెండూ పక్కపక్కన పెట్టాను. మరక అంచుతో సహా ఒకటే.

ఆయన కుర్చీలో కూర్చుని రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూశారు. చివరికి, “రిజిస్టరు రాసే అలవాటు చాలా మంచిదమ్మా,” అన్నారు.

అప్పటినుంచీ అదే మా దినచర్య అయింది. స్ఫటికం చల్లారడానికి ఒక రోజు పడుతుంది కాబట్టి రోజుకు ఒక్కటే పేజీ. ఫోనులో మాటలు పంపితే గరగర తప్ప ఏమీ రాలేదు, ఫ్యాక్సు ఒక్కటే దాటింది. ఆ పేజీ రాసేది ఆయన, పంపేది నేను. గాలి ఎటు వీచింది, కెరటం ఎంత ఎత్తు, ఊళ్లో ఏం జరిగింది, అన్నీ తన చేత్తో రాసి ఇచ్చేవారు. సరిగ్గా పదకొండుకి పంపేదాన్ని. అది తొమ్మిది రోజుల వెనక్కి వెళ్లేది. మరో అయిదు నిమిషాలకు, తొమ్మిది రోజుల తర్వాత మేం పంపబోయే పేజీ మాకు వచ్చేది. వచ్చేవేళకు ఆయన మిషను పక్కనే నిలబడి, నన్ను ముట్టుకోనివ్వకుండా తానే చింపి తీసి, నిలబడే చదివేవారు. పాత పేజీ చూసి రాయకూడదని ఆయన నియమం. జరిగింది చూసి రాయాలి. రాశాక పోల్చుకుంటే కొట్టివేతలతో సహా అదే.

పేజీలో ఉన్నది తప్పించగలమా అని ప్రయత్నించకపోలేదు. మా తూర్పు ప్రహరీ గోడ కూలిందని ఒక పేజీలో వచ్చింది. ఎనిమిది రోజులు మనుషుల్ని పెట్టి సరుగుడు బాదులు దన్ను పెట్టించాం. తొమ్మిదో రోజు గోడ బాదులతో సహా పడింది. ఆ సాయంత్రం డాక్టరు గారు నవ్వారు గాని, నాకు నవ్వు రాలేదు.

మరుసటి ఏడాది వేసవిలో వచ్చిన పేజీలో ఆయన చేతిరాత వణికి ఉంది. ‘సరంగు నూకరాజు ఈ ఉదయం ఆరు గంటలకు పోయాడు. తలలో నరం చిట్లిందన్నారు.’ చదవగానే డాక్టరు గారు లాంచి దగ్గరికి వెళ్లి నూకరాజుని తీసుకొచ్చారు, కూర్చోబెట్టి విషయం చెప్పారు. గోడ వేరు, మనిషి వేరు, మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్లొచ్చు అనుకున్నాం. విశాఖపట్నం తీసుకెళ్లి చేర్పించాం. పరీక్షలన్నీ చేశారు. ఏమీ లేదన్నారు. తొమ్మిదో రోజు ఉదయం ఆరు గంటలకు, పక్కన ఇద్దరు డాక్టర్లు నిలబడి ఉండగానే నూకరాజు పోయాడు.

పదకొండో రోజు దాటాక అతని భార్య కాసులమ్మ ఆఫీసుకు వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

“భయమంటే ఎరగని మనిషండి మా ఆయన. గాలివాన్లో లాంచి తిప్పుకొచ్చినోడు. అలాంటోడు ఆ తొమ్మిది రోజులూ నా చెయ్యి వదల్లేదు. ముద్ద మింగలేదు. గోడ మీద గడియారం తీయించేమంటే తీయించేను, నా చేతికున్న వాచీ వంక చూసేవోడు.” ఆమె గొంతు పెంచలేదు. “మీరు మంచికే చెప్పేరండి, కాదన్ను. చెప్పకపోతే ఆ తొమ్మిది రోజులూ మనిషిలాగ బతికేవోడు. మీరు మా ఆయన్ని తొమ్మిది రోజులు ముందే చంపేసేరండి.”

డాక్టరు గారు రెండు చేతులూ జోడించి అలాగే నిలబడ్డారు. ఆమె వెళ్లిపోయాక కూడా చేతులు దించడం మరిచిపోయారు.

“పెట్టె పీకేద్దాం సార్,” అన్నాను.

“గాలివాన కబురు తొమ్మిది రోజుల ముందు తెలిస్తే పడవలు ఒడ్డున ఉంటాయి కదమ్మా. దానికోసం ఉంచుదాం. ఇకనుంచి గాలీ, నీరూ తప్ప మనుషుల పేర్లు రాయను. ఎవరికి ఎప్పుడు తెలియాలో అప్పుడే తెలుస్తుంది.”

మాట నిలబెట్టుకున్నారు. ఆ తర్వాత ఆరు నెలలు మా పేజీల్లో గాలీ, నీరే.

నవంబరు పద్నాలుగున పదకొండూ అయిదుకి మిషను మోగింది. కాగితం బయటికి వచ్చింది. డాక్టరు గారు చింపి తీసి, ఇటు తిప్పి, అటు తిప్పి, “మిషను పాడైనట్టుంది, చూడు,” అని నా చేతికిచ్చారు.

తెల్ల కాగితం. పైన మాత్రం నవంబరు ఇరవై మూడు, పదకొండు గంటలు, మా నంబరు, చక్కగా పడ్డాయి. పాడైన మిషను అంత చక్కగా కొట్టదు. ఇలాంటి పేజీల గురించి ఎన్ని ఫోన్లు అందుకోలేదు నేను.

“పాడవలేదండి. కాగితం తిరగేసి పెట్టారు.”

“ఎవరు?” అన్నారు. అన్నాక మూత మీద నేనంటించిన ముక్క వైపు చూశారు. ఆయన ముఖంలో రంగు పోయింది.

నేనుంటే ఆయన్ని ఆ మిషనులో కాగితం పెట్టనివ్వను. మా అమ్మాయికి కామెర్లొచ్చినా, పదకొండుకి వచ్చి పేజీ పంపించి వెళ్లాను. ఒక్క రోజు కూడా మానలేదు. ఇరవై మూడో తారీఖున ఆయన చేత్తో కాగితం పెట్టారంటే నేను లేనన్న మాట.

“ఊరెళ్లి ఉంటావు,” అన్నారు.

“ఏ ఊరండి?” అన్నాను.

 నేను రిజిస్టరు తెరిచి, నంబరు వేసి రాశాను. ‘ఖాళీ పేజీ. పంపినవారు: డాక్టరు గారు. తిరగేసి పెట్టారు.’  

మర్నాడు పదకొండూ అయిదుకి ఇద్దరం మిషను ముందు నిలబడ్డాం. ఏమీ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. “నువ్వు లేకపోతే నేనీ పెట్టె పెట్టుకుని ఏం చేసుకుంటాను, అందుకే ఆపేసి ఉంటాను,” అన్నారాయన, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు.

ఆ తొమ్మిది రోజుల గురించి దాచుకోకుండా చెబుతాను. నాకు చచ్చేంత భయం వేసింది. కాసులమ్మ చెప్పినప్పుడు అయ్యో అనుకున్నాను గాని, ముద్ద దిగకపోవడమంటే ఏమిటో అప్పుడే తెలిసింది. నోట్లో అన్నం నోట్లోనే ఉండేది. మా ఆయన ఐసు ఫ్యాక్టరీలో పనిచేస్తారు. ఆయనకి చెప్పలేదు. మా అరుంధతికి పన్నెండేళ్లు. జడ నేనే వెయ్యాలి, లేకపోతే బడికి వెళ్లదు. దాన్ని అద్దం ముందు కూర్చోబెట్టి, తన జడ తానే వేసుకోవడం నేర్పాను.

“ఇప్పుడెందుకమ్మా? నువ్వేస్తావు కదా,” అంది.

“పెద్దదానివవుతున్నావు కదే,” అన్నాను. మూడు పాయలూ దాని చిన్న వేళ్లలోంచి జారిపోతుంటే చూడలేక వంటింట్లోకి వెళ్లిపోయాను.

గ్యాసు పుస్తకం ఎక్కడుంది, రేషను కార్డు ఎక్కడుంది, అరుంధతికి ఏ మాత్ర పడదు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి బీరువా తలుపు లోపల అంటించాను. నాలుగో రోజున అది మా ఆయన కంట పడింది. చేత్తో పట్టుకొచ్చి, “ఏంటిదంతా?” అన్నారు. చెప్పేశాను.  ఇదంతా ఎలా జరుగుతుంది, నిజమేనా అని అడగలేదు. “ఆ రోజు నేను పనిలోకి వెళ్లను. నువ్వూ గడప దాటొద్దు. గుమ్మంలో నేను కూర్చుంటాను, ఏదొస్తుందో చూస్తాను,” అన్నారు. అంతే. కాగితాన్ని మళ్లీ తలుపుకి తనే అంటించారు. ఆ అంటించడం చూసి ఏడ్చాను.

ఆఫీసులో డాక్టరు గారిది ఇంకో వరస. అయిదో రోజున, “నాకు కాగితం పెట్టడం నేర్పమ్మా,” అన్నారు.

“ఎందుకండి?”

“ఆ రోజు నేను సరిగ్గా పెట్టానంటే ఖాళీ పేజీ ఎలా వస్తుంది? రాలేదంటే నువ్వు లేకపోవడమూ లేదు.”

గోడకి బాదులు పెట్టించిన మనిషి అలా అనకూడదు. ఆ సంగతి నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. అయినా నేర్పాను. పెట్టె పక్కకు తీసి, వాడిపారేసిన కాగితాలతో నలభై సార్లు పెట్టించాను. నలభై సార్లూ సరిగ్గా పెట్టారు. బడిపిల్లాడిలా ప్రతిసారీ “అక్షరాలు కిందికి” అని పైకి చదువుకుంటూ పెట్టేవారు.

“చూశావా? ఇంత నేర్చుకున్నాక ఆ రోజు తిరగేసి ఎలా పెడతాను చెప్పు?”

“ఏడుస్తూ పెడతారండి. కళ్లు కనపడవు కదా.”

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆ వారంలో ఆయన సరిగ్గా తిన్నది లేదు, నిద్రపోయింది లేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఎడమ భుజం నొక్కుకునేవారు. మిషను మీద వంగి వంగి పట్టేసిందనుకున్నాను. అడగలేదు. నా చావు నేను చూసుకుంటున్నాను, ఎదుటి మనిషి ముఖం చూడలేదు. దీనికి నన్ను నేను క్షమించుకోలేదు.

ఇరవై రెండో తారీఖు సాయంత్రం నేను బయల్దేరుతుంటే గేటు దాకా వచ్చారు. “రేపు రాకు. గాలి నేనే చూస్తాను, పేజీ నేనే రాస్తాను, నేనే పెడతాను. అరుంధతి పక్కన కూర్చో. పదకొండు దాటాక నేనే మీ ఇంటికొచ్చి భోంచేస్తాను. చారు పెట్టు.”

“అలాగేనండి,” అన్నాను.

మర్నాడు మా ఆయన చెప్పినట్టే గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నేను చారుకి చింతపండు నానబెట్టాను. అరుంధతి జడ తానే వేసుకుని, వంకరగా వచ్చినా బాగుందని మురిసిపోయింది. ఎనిమిది దాటుతుండగా వాచ్‌మన్ సైకిలు మా వీధిలోకి తిరగడం కిటికీలోంచి చూశాను. నా కోసమే ఏదో వస్తోందనుకుని గోడ పట్టుకున్నాను.

“అయ్యగారు లేవట్లేదండి,” అన్నాడతను, దిగుతూనే. “కుర్చీలో కూచునున్నారు. పిలిస్తే పలకట్లేదు.”

గడప దాటొద్దన్న మా ఆయనే నన్ను సైకిలు వెనక ఎక్కించుకుని తీసుకెళ్లారు. ఆసుపత్రి డాక్టరు వచ్చి చూసి, తెల్లవారుజామున గుండె ఆగిందన్నారు. డాక్టరు గారి ఒళ్లో ఒక తెల్లకాగితం ఉంది. అర్ధరాత్రి దాకా ఇంకా పెట్టడం నేర్చుకుంటున్నారేమో. రాజమండ్రిలో ఉన్న ఆయన తమ్ముడికి ఫోను చేశాం. మా ఆయనా వాచ్‌మనూ అక్కడి పనులు చూస్తుంటే, పదిన్నరకి నేను ఒక్కదాన్నే ఆఫీసు గదిలోకి వచ్చాను.

జరిగింది చూసి రాయాలన్నది ఆయన నియమం. మనుషుల పేర్లు రాయకూడదన్నదీ ఆయనదే. మొదటిదే చెయ్యి పట్టుకుంది. ఆయన ప్యాడు తీసి, ఆయన పెన్నుతో, ‘డాక్టర్ పరాంకుశం గారు ఈ తెల్లవారుజామున పోయారు’ అని రాశాను. కాగితం తీసుకెళ్లి, అలవాటు ప్రకారం అక్షరాలు కిందికి పెట్టాను. మీట మీద వేలు ఉంచి గడియారం చూస్తున్నాను. ఇంకా రెండు నిమిషాలుంది.

అప్పుడు తట్టింది. ఇది అక్కడ బయటికి వచ్చేవేళ మిషను పక్కన ఎవరు నిలబడి ఉంటారు? నన్ను ముట్టుకోనివ్వకుండా ఎవరు చింపి తీస్తారు? ఎవరు నిలబడే చదువుతారు?

పోయారన్న కాగితం చించేసి, గాలీ నీరూ మాత్రమే రాసి పంపుదామనుకున్నాను. అదైనా నా చేతిరాతే. ఆయన అక్షరం నేను ఎంత వంకర తిప్పినా రాదు. నా రాత చూడగానే, ఆ రోజు రాయడానికి తాను లేనని ఆయనకి క్షణంలో తెలిసిపోతుంది. ఏమీ పంపకపోతే ఇద్దరిలో ఎవరని వెతుక్కుంటారు. ఆయన్ని బతికుంటాననుకోనిచ్చే పేజీ లోకంలో ఒక్కటే ఉంది. అది నేను తొమ్మిది రోజుల కిందట చేత్తో పట్టుకుని చూశాను.

ముందే చెబితే ఆసుపత్రికి వెళ్లి బతికేవారేమో. ఈ ప్రశ్న ఆ రెండు నిమిషాల్లోనే వచ్చింది, ఇప్పటికీ పోలేదు. గోడ పడింది, నూకరాజు పోయాడు, రెండే రెండు ఉదాహరణలు. అంతమాత్రానికి మూడోది తేల్చెయ్యడం సైన్సు కాదని ఆయనే అనేవారు. కాని నా కళ్ల ముందు కాసులమ్మ చేతికున్న వాచీ కనపడింది. దాని వంక డాక్టరు గారు చూస్తున్నట్టు కనపడింది.

ఆ తొమ్మిది రోజులూ ఎలా ఉంటాయో అప్పటికి నాకంటే బాగా తెలిసినవాళ్లు ఎవరూ లేరు. తొమ్మిది రోజుల అవతల ఒక భ్రమరాంబ ఉంది. దాని గొంతులో ముద్ద దిగదు. అది పిల్లకి జడ నేర్పుతూ వంటింట్లోకి పారిపోతుంది. బీరువా తలుపుకి కాగితం అంటిస్తుంది. ఆ భయం ఆయనో, నేనో, ఎవరో ఒకరు మొయ్యాలి. నేను మోసి వచ్చాను, బతికే ఉన్నాను. మళ్లీ నాకే ఇస్తున్నాను.

కళ్లు తుడుచుకున్నాను. నాకు చక్కగా కనపడుతోంది. కాగితం బయటికి తీసి, తిరగేసి, అక్షరాలు పైకి పెట్టాను. పదకొండు కాగానే మీట నొక్కాను. నేను రాసిన వాక్యం నా వైపు చూస్తూ నెమ్మదిగా లోపలికి వెళ్లి, అవతలినుంచి అలాగే బయటికి వచ్చింది. పేజీ అందిందని మిషను చిన్న చీటీ కొట్టింది.

పెట్టె తీగలు పీకేశాను. తర్వాత చీటీని కాగితానికి పిన్ను చేసి, అవుట్‌వర్డ్ రిజిస్టరు తెరిచాను. తేదీ, టైము, పేజీలు ఒకటి అని రాశాను. ‘పంపినవారు’ అన్న గడిలో ఆయన పేరు రాశాను.